కారవాన్ లాగుతూ కారు పైన సైకిళ్లు తీసుకెళ్లడం ఎలా?

ఇంగ్లండ్‌లో వేసవి సెలవులు రాగానే కార్న్‌వాల్ దారిలోనూ లేక్ డిస్ట్రిక్ట్ దారిలోనూ కారవాన్లు, అంటే కారు వెనక కట్టి లాగే చక్రాల ఇళ్లు, బారులు తీరుతాయి. ఇక్కడ స్థిరపడిన మనవాళ్లూ కొందరు ఆ బారులో ఉంటారు. కారవాన్‌లో పొయ్యి ఉంటుంది, పడకలు ఉంటాయి, ఆవకాయ సీసాకూ చోటుంటుంది. చిక్కల్లా సైకిళ్లతోనే. మామూలు రోజుల్లో కారు వెనక టో బార్ బంతికి (బండ్లు తగిలించే ఇనుప గుండుకు) సైకిళ్లను మోసే క్యారియర్ తగిలిస్తాం. కారవాన్ కట్టిన రోజు ఆ బంతి ఖాళీ ఉండదు.

మరి ఎక్కడ పెట్టాలి? ఎడ్లబండిలో బస్తాలు సర్దడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బరువంతా వెనక వేస్తే నొగ పైకి లేస్తుంది, ముందుకు వేస్తే ఎద్దుల మెడ మీద పడుతుంది. కారవాన్‌దీ అదే తీరు. వెనక గోడకు సైకిళ్లు వేలాడదీస్తే టో బంతి మీద భారం తగ్గి, వేగంలో కారవాన్ పాములా అటూ ఇటూ ఊగే ప్రమాదం ఉంది. ముందున్న త్రికోణపు ఫ్రేము మీద పెడితే బంతి మీద భారం పెరిగిపోతుంది. కారవాన్ లోపల ఇరుసు మీదుగా నేలపై పడుకోబెట్టవచ్చు గానీ, గొలుసు నూనె కార్పెట్‌కు అంటుతుంది, కారవాన్ మోయగల సామాను బరువులోంచి ఆ మేరకు పోతుంది. కారు పైన పెడితే కారవాన్ తూకం మారదు. అందుకే నా ఓటు పైకప్పుకే. దాని ఇబ్బందులు దానికీ ఉన్నాయి.

ముందు కాగితం మీద లెక్క

కారు మాన్యువల్‌లో రూఫ్ లోడ్, అంటే పైకప్పు మోయగల బరువు, ఎంతో చూడండి. చాలా కార్లకు అది 75 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. పైన గాజు పలక ఉన్న కార్లకు తక్కువ ఉండవచ్చు, కొన్నింటికి అసలు పైకప్పుకు అడ్డంగా బిగించే బార్లే పనికిరావు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఆ 75లో సైకిళ్లే కాదు, బార్లూ క్యారియర్లూ కూడా కలిసి ఉంటాయి. నలుగురున్న ఇంటి లెక్క చూద్దాం. బార్లు 6 కిలోలు, ఒక్కోటి 4 కిలోల చొప్పున నాలుగు క్యారియర్లు 16, పెద్దవాళ్ల సైకిళ్లు రెండూ 28, పిల్లలవి రెండూ 20. మొత్తం 70. సరిపోయింది, కానీ అంచుమీద.

ఎలక్ట్రిక్ సైకిల్ ఉంటే ఈ లెక్క తప్పుతుంది. పైకప్పు క్యారియర్లు చాలావరకు ఒక్కోటి 20 కిలోలకు మించి మోయవు. 24 కిలోల సైకిల్‌కు బ్యాటరీ తీసేసినా ఇంకా ఎక్కువే. దాన్ని ఇంట్లో వదిలేయడమే మేలు. పైగా అంత బరువు భుజం ఎత్తుకు లేపితే నడుము పట్టేస్తుంది.

రెండో లెక్క కారుది. మనుషులు, డిక్కీలో సామాను, పైకప్పు మీద బరువు, వీటితోపాటు కారవాన్ ముక్కు టో బంతి మీద మోపే భారం (ఇక్కడ నోస్ వెయిట్ అంటారు), అన్నీ కలిపి కారుకు రాసిన గరిష్ఠ బరువు దాటకూడదు. నోస్ వెయిట్ సాధారణంగా కారవాన్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలంటారు. 1,400 కిలోల కారవాన్‌కు 70 నుంచి 98 కిలోలన్నమాట. అయితే కారుకు, టో బార్‌కు, కారవాన్ హుక్కుకు వేర్వేరు పరిమితులు రాసి ఉంటాయి. మూడింట్లో తక్కువది ఏదైతే అదే మీ పరిమితి. కొలవడానికి చిన్న గేజ్ దొరుకుతుంది, కొనుక్కోండి.

2021 డిసెంబర్ 16 నుంచి బ్రిటన్‌లో మామూలు కారు లైసెన్స్‌తోనే 3,500 కిలోల వరకు లాగవచ్చు. అంతమాత్రాన మీ కారు అంత లాగుతుందని కాదు.

ఎక్కించడం

కారవాన్ తగిలించక ముందే, చదునైన చోట సైకిళ్లు ఎక్కించండి. చిన్న స్టూలు కావాలి, రెండో మనిషి ఉంటే ఇంకా మంచిది. సీసాలు, పంపు, లైట్లు, పిల్లల సీటు, బుట్ట అన్నీ తీసేయండి. గాలికి ఊడితే అవి వెనకవాడి అద్దం మీదే పడతాయి. వాన పడుతుందని కవర్ మాత్రం తొడగొద్దు, అది తెరచాపలా గాలి పట్టేస్తుంది.

బరువైన సైకిళ్లు మధ్యకు, పిల్లలవి అంచులకు. హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలకుండా ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిప్పి పెట్టండి. కార్బన్ ఫ్రేము ఉంటే దాన్ని పట్టి బిగించే క్లాంప్ వద్దు, చక్రాలను పట్టుకునే రకం చూడండి. బిగించాక సైకిల్‌ను పట్టుకుని గట్టిగా ఊపండి. సైకిల్‌తోపాటు కారు కూడా ఊగాలి. తర్వాత డిక్కీ తలుపు నెమ్మదిగా ఎత్తి, వెనక చక్రానికి తగలడం లేదని చూసుకోండి.

రోడ్డెక్కాక

కారు కన్నా కారవాన్ వెడల్పుంటే అదనపు అద్దాలు పెట్టాల్సిందే, చట్టం అది. బయల్దేరిన పది, పదిహేను మైళ్లకు ఆగి పట్టీలన్నీ మళ్లీ బిగించండి. మామూలు రోడ్ల మీద గంటకు 50 మైళ్లు, డ్యూయల్ క్యారేజ్‌వే (మధ్యలో విభజన ఉన్న రోడ్డు), మోటర్‌వేల మీద 60 దాటకూడదు. మూడు వరుసలు, అంతకన్నా ఎక్కువున్న మోటర్‌వేలో కుడి చివరి వరుస మీకు కాదు. పైన బరువుంటే ఎదురుగాలి, పక్కగాలి బాగా తెలుస్తాయి. పెద్ద లారీ దాటినప్పుడు కారవాన్ ఊగితే టెన్షన్ పడి బ్రేకు తొక్కొద్దు. యాక్సిలరేటర్ మీంచి మెల్లగా కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి.

దిగాక

సైకిళ్లతో కారు ఎత్తు టేపుతో కొలిచి, డ్యాష్‌బోర్డు మీద అంటించండి. మాది 2.65 మీటర్లు. ఇక్కడి బోర్డులు చాలావరకు అడుగుల్లో కూడా ఉంటాయి కాబట్టి కింద 8 అడుగుల 9 అంగుళాలని కూడా రాశాను. ఫ్రాన్స్‌కు, కార్లను ఎక్కించుకుని సముద్రం కిందుగా పోయే సొరంగం రైల్లో వెళ్తే, పైన ఉన్నవాటితో కలిపి 1.85 మీటర్లు దాటిన కార్లకు వేరే పెట్టె ఉంటుంది. టికెట్ కొనేటప్పుడే చెప్పాలి.

కారవాన్ వెనక ఉన్నంతసేపు ఎత్తు మర్చిపోం, అసలు అడ్డుగేటు ఉన్న పార్కింగ్‌కే పోం. మర్చిపోయేది, కారవాన్లు నిలిపే సైటులో దాన్ని విప్పేశాకే. కారు తేలికైపోతుంది, మన మనసూ తేలికవుతుంది. ఒకసారి అలాగే పాలు, బ్రెడ్డు తెద్దామని ఒక సూపర్‌మార్కెట్‌కు వెళ్లాను. గేటు మీద 2.1 మీటర్లని పసుపు రంగులో రాసి ఉంది. నాకు కనబడలేదు. వెనక సీట్లోంచి మా అమ్మాయి "నాన్నా, సైకిళ్లు!" అని అరిచింది. గేటుకు బారెడు దూరంలో ఆగాను. అప్పటినుంచి సైటులో కారవాన్‌ను కదలకుండా నిలిపే కాళ్లు దించకముందే సైకిళ్లు దించుతున్నాం.