విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్, టీయూ-142 విమానం: చూడవలసిన వరుస, ముందే తెలుసుకోవలసిన సంగతులు

సెలవులకు విశాఖపట్నం వెళ్లే కుటుంబాలలో చాలామంది కైలాసగిరికీ అరకుకూ మధ్య దొరికిన కాస్త సమయంలో కురుసుర సబ్‌మెరైన్‌ను కూడా చూసి వస్తుంటారు. లోపలి నడక తొందరగా ముగుస్తుంది. రద్దీ రోజుల్లో వెనుక వచ్చేవారు ముందుకు జరగమంటూ ఉంటారు కాబట్టి, ఒకచోట నిలబడి పరిశీలించే వీలు పెద్దగా ఉండదు. అందువల్ల అక్కడ ఏది ఎందుకు చూడాలో ముందే తెలుసుకొని వెళ్లాలి.

పిల్లలతో వెళ్లేవారు 1971 డిసెంబరు భారత్-పాక్ యుద్ధం నాటి కథను రైల్లోనే చెప్పి ఉంచడం మంచిది. మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను ముంచే లక్ష్యంతో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ కరాచీ నుంచి బయలుదేరి బంగాళాఖాతంలోకి వచ్చింది. వైస్ అడ్మిరల్ కృష్ణన్ నాయకత్వంలోని తూర్పు నౌకాదళం అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపించి, అది విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ (యుద్ధనౌక) చేత రేడియో సందేశాలు పంపించింది. డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ విశాఖ తీరానికి సమీపంలోనే మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే (నీటి అడుగున పేలే బాంబులే) కారణమని మన నౌకాదళం చెబుతుంది. సముద్రంలో అమర్చిన మైను పేలుడో, లోపలి ప్రమాదమో కారణమని పాకిస్తాన్ వాదిస్తుంది. ఘాజీని కురుసురే ముంచిందని కొందరు అనుకుంటారు గాని, అది నిజం కాదు. ఆ యుద్ధంలో కురుసుర గస్తీ తిరిగింది అరేబియా సముద్రంలో.

సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరిన ఈ సబ్‌మెరైన్ 2001లో సేవల నుంచి తప్పుకుంది. తరువాత దానిని ఒడ్డుకు లాగి, 2002లో సందర్శకుల కోసం మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్లు, సిబ్బంది సుమారు 75 మంది. బయటి నుంచి భారీగా కనిపించినా, ఇంతమంది వారాల తరబడి ఎక్కడ ఒదిగి ఉన్నారో లోపలికి అడుగుపెట్టాక గాని అర్థం కాదు. ఒక కొసన ఎక్కి మరో కొసన దిగేలోపు గదులు వరుసగా వస్తాయి. రెండు కొసల్లోనూ టార్పెడోలను (నీటిలో దూసుకుపోయి పేలే ఆయుధాలను) వదిలే గొట్టాలున్నాయి. ముందు ఆరు, వెనుక నాలుగు. ఆ గొట్టాలను చూసి ఫొటో తీసుకొని వెళ్లిపోకుండా, పక్కనే ఉన్న పడకలను కూడా గమనించాలి. మనుషులు ఆయుధాల సరసనే నిద్రపోయేవారు. మధ్యలో ఉండే కంట్రోల్ గది, లోపలి నుంచే నీటిపైకి చూసే పెరిస్కోపు అందరినీ ఆకర్షిస్తాయి గాని, నా దృష్టిలో ఎక్కువసేపు చూడవలసినవి ఇంజను గదులే. డీజిల్ ఇంజన్లకు గాలి కావాలి కాబట్టి నీటి లోతుల్లో అవి పనిచేయవు. అక్కడ బ్యాటరీల కరెంటుతో మోటార్లు తిరుగుతాయి. బ్యాటరీలు తగ్గగానే సబ్‌మెరైన్ పైకి రావాలి, లేదా గాలి పీల్చే గొట్టాన్నైనా నీటిపైకి ఎత్తాలి. శత్రువుకు అది చిక్కే అవకాశం ఆ సమయంలోనే ఎక్కువ.

గైడ్లుగా నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారు ఉంటారు. వారు వరుసగా చెప్పుకుపోయే వివరాలు విన్నాక, తాగునీరు ఎలా పొదుపు చేసేవారు, వంట ఎక్కడ, ఎంతమందికి ఒక మరుగుదొడ్డి వంటి ప్రశ్నలు మర్యాదగా అడిగితే, వారి మాటల్లో పుస్తకాల్లో లేని అనుభవం బయటపడుతుంది. గదికీ గదికీ మధ్య ఉండే గుండ్రటి ద్వారాలలోంచి వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారినీ, ఇరుకు చోట్ల ఊపిరాడనట్లు అనిపించేవారినీ బలవంతపెట్టకుండా బయటే కూర్చోబెట్టడం మేలు. చీర కట్టుకున్నవారు కుచ్చిళ్లు కాస్త పైకి ఎత్తిపట్టుకోవాలి. పెద్ద సంచులు బస చేసిన గదిలోనే వదిలి రావాలి. ఫొటోల నిబంధనలు టికెట్టు కౌంటరు దగ్గరే అడిగి తెలుసుకోవాలి.

కురుసుర చూసిన వెంటనే రోడ్డు దాటి టీయూ-142 విమానం దగ్గరకు వెళ్లాలి. సబ్‌మెరైన్లను వేటాడటమే ఈ విమానం పని గనుక, దాక్కునేదానిని ముందు చూసి వెతికేదానిని తరువాత చూడడమే సరైన వరుస. 1988లో నౌకాదళంలో చేరిన ఈ విమానం 2017 మార్చి దాకా ఎగిరింది. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీని మ్యూజియాన్ని ప్రారంభించారు. సముద్రంలోకి జారవిడిచి నీటి అడుగు చప్పుళ్లను వినే సోనోబాయ్‌లను చూపించమని అడగండి. బయటికి వచ్చాక ఇంజన్ల దగ్గర ఆగి, ఒక్కో ఇంజనుకు రెండేసి ప్రొపెల్లర్లు ఒకదాని వెనుక ఒకటి ఉండడం పిల్లలకు చూపించాలి. అవి ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరుగుతాయి.

దగ్గరలోనే ఉన్న విక్టరీ ఎట్ సీ స్మారకం 1971 విజయానికి గుర్తుగా 1996లో కట్టినది. సాయంత్రం నడకలో చూడవచ్చు. చరిత్ర మీద నిజమైన ఆసక్తి ఉన్నవారు అదే రోడ్డులో పాత డచ్ భవనంలో ఉన్న విశాఖ మ్యూజియాన్ని వదులుకోకూడదు. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద దాడి చేసిన జపాన్ బలగాలు వదిలిన పేలని బాంబు అక్కడ ఉంది.

కురుసురకు సోమవారం సెలవు. పని దినాలకూ ఆదివారాలకూ వేళలు వేరుగా ఉంటాయి, టికెట్టు ధరలూ మారుతుంటాయి కాబట్టి ముందురోజే కనుక్కోవాలి. మామూలు రోజుల్లో తెరిచిన తొలి గంటలోనే వెళితే వరుస తక్కువగా ఉండి, గైడుతో మాట్లాడేందుకు తీరిక దొరుకుతుంది. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. ఆ సందర్భంగా బీచ్‌లో విన్యాసాలు జరిపే సంవత్సరాల్లో రిహార్సల్ రోజుల నుంచే బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపుతారు. మ్యూజియాలే చూడాలనుకునేవారు ఆ వారాన్ని తప్పించుకోవడం మంచిది.