చిగుళ్ళ జబ్బుకి ప్రోబయోటిక్ బిళ్ళలు ఎలా వాడాలి?

విజయనగరంలో పళ్ళ డాక్టరు గారి దగ్గర సహాయకురాలిగా చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని వచ్చినవాళ్ళకి ఈ ప్రోబయోటిక్ బిళ్ళలు, అంటే బతికున్న మంచి సూక్ష్మజీవులున్న బిళ్ళలు, ఎలా వాడాలో చెప్పి పంపుతాను, నెల తర్వాత వచ్చి "ఏం పని చెయ్యలేదమ్మా" అంటారు. ఎలా వాడారని అడిగితే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ముందు గార తీయించుకోండి. స్కేలింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయని ఇంకా భయపడేవాళ్ళున్నారు. గార తీశాక కదిలే పన్ను అంతకుముందే వదులైంది, గార దాన్ని పట్టి ఉంచిందంతే. గార అలాగే ఉంచి ఎన్ని బిళ్ళలు చప్పరించినా డబ్బు దండగ.

బిళ్ళ చప్పరించేదై ఉండాలి. అట్ట మీద లాక్టోబాసిల్లస్ రియుటెరి అనే మంచి సూక్ష్మజీవి పేరు ఉందో లేదో చూడండి, చిగుళ్ళ మీద ఎక్కువగా పరీక్షించిన రకాల్లో అదొకటి. విరేచనాలకి ఇచ్చే ప్రోబయోటిక్ పొడి ప్యాకెట్లు దీనికి బదులు కావు. పెరుగు, చద్దన్నం ఒంటికి మంచివే, నేనూ రోజూ తింటాను, కానీ గబగబా గొంతు దిగిపోయే మజ్జిగ నోట్లో ఎంతసేపుంటుంది చెప్పండి?

ఇక అందరూ పాడుచేసేది మౌత్‌వాష్ దగ్గర. స్కేలింగ్ అయ్యాక డాక్టర్లు చాలాసార్లు క్లోర్‌హెక్సిడిన్ అనే మౌత్‌వాష్ రాస్తారు. అది చెడ్డ సూక్ష్మజీవుల్నే వెతికి చంపదు, మంచివాటినీ చంపుతుంది. పైగా ఉమ్మేశాక పోయిందనుకుంటాం గానీ పళ్ళకీ, చిగుళ్ళకీ అంటుకుని గంటల తరబడి పని చేస్తూనే ఉంటుంది. పొద్దున పుక్కిలించి మధ్యాహ్నం బిళ్ళ వేసుకున్నా నష్టమే.

కాబట్టి నా పద్ధతి ఒక్కటే: మౌత్‌వాష్ రాసిచ్చినన్ని రోజులూ వాడి ముగించండి, మర్నాటి నుంచి బిళ్ళ మొదలుపెట్టండి. రెండూ కలిపి వాడితే త్వరగా తగ్గుతుందని మందుల షాపులో ఎవరైనా చెబితే వినకండి. అలాగని మీ అంతట మీరు మౌత్‌వాష్ మధ్యలో మానెయ్యకండి, డాక్టరు గారిని అడగండి. యాంటీబయాటిక్ నడుస్తున్నా ఇదే మాట.

రాత్రి బ్రష్ చేసి, పళ్ళ సందులు శుభ్రం చేసుకుని, పడుకునే ముందు బిళ్ళ నోట్లో పెట్టుకోండి. నమలకండి, మింగకండి, దానంతట అదే కరగాలి. తర్వాత నీళ్ళు కూడా తాగొద్దు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, మంచి సూక్ష్మజీవులు త్వరగా కొట్టుకుపోవు, అందుకే రాత్రి పూటే మేలు. రోజుకి రెండు రాస్తే రెండోది పొద్దున బ్రష్ అయ్యాక. ఎండలో బండి డిక్కీలో మాత్రం ఉంచకండి.

కనీసం మూడు, నాలుగు వారాలు ఓపిక పట్టాలి. ఫలితం కొంతమేరే ఉంటుంది, అందరికీ ఒకేలా ఉండదు, మానేశాక తగ్గిపోవచ్చు కూడా. మన శ్రీకాకుళం వైపు అడ్డపొగ (చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దమ్మలకి ఇంకో మాట: పొగ వల్ల రక్తం కారడం తగ్గుతుంది, జబ్బు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. రక్తం రావట్లేదని చిగుళ్ళు బాగున్నాయనుకోవద్దమ్మా.

క్యాన్సర్ మందులు వాడేవాళ్ళు, అవయవ మార్పిడి అయినవాళ్ళు, గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళు వాళ్ళ డాక్టరుని అడక్కుండా ఈ బిళ్ళ ముట్టుకోవద్దు. చీము కనిపించినా, బుగ్గ వాచినా బిళ్ళలతో రోజులు గడపకుండా అదే రోజు ఆసుపత్రికి రండి.