బిల్ బుక్ కొట్టించే ముందు ట్రిప్లికేట్ లెక్క తేల్చుకోండి

చెన్నైలో ప్యారిస్ కార్నర్ పక్కన ఆండర్సన్ స్ట్రీట్‌లో మా కాగితాల కొట్టు. నగరి నుంచి, సూళ్లూరుపేట నుంచి బిల్ బుక్కులకి వచ్చేవాళ్లు తరచూ అడిగేది ఒకటే: "ట్రిప్లికేట్ అంటే అసలు కాక మూడా, అసలుతో కలిపి మూడా?"

కలిపే మూడు. లాటిన్‌లో ప్లికారే అంటే మడతపెట్టడం. ముందు ‘డు’ ఉంటే రెండు మడతలు, ‘ట్రి’ ఉంటే మూడు, ‘క్వాడ్రు’ ఉంటే నాలుగు. మడతలని గుర్తుపెట్టుకుంటే పైకాగితం లెక్కలోంచి జారిపోదు. తర్వాతది క్వింటుప్లికేట్, అయిదు. అది అడిగేవాళ్లు అరుదు, కార్బన్ అచ్చు కూడా అంత కిందికి సరిగా దిగదు. డబుల్, ట్రిపుల్ కూడా లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చినవే. టూఫోల్డ్‌లో ఉన్న ఫోల్డ్ మాత్రం ఇంగ్లిషువాళ్ల సొంతం. అదీ మడతే, చూడండి!

సరుకు అమ్మేవాళ్లకి జీఎస్టీ ప్రకారం మూడు కాపీలుండాలి. ఒరిజినల్ కొన్నవారికి, డూప్లికేట్ లారీవాడికి, ట్రిప్లికేట్ మీ దగ్గర. డూప్లికేట్ అని అచ్చయింది కదా, నకిలీ అనుకుంటారేమోనని భయపడి ఆ మాట తీయించకండి. సేవలకైతే రెండు కాపీలు చాలు. ఆర్డరు కాగితం మీద "50 ట్రిప్లికేట్" అని వదిలేస్తే 50 బుక్కులు అనుకునేవాళ్లున్నారు. బుక్కుకి "50 × 3" అని రాయించండి, అంటే 50 సెట్లు, 150 కాగితాలు. ఒక సెట్‌లో మూడింటికీ ఒకే నంబరు పడాలని కూడా చెప్పండి.

తెల్లకాగితం రీముల్లో కొంటారు. రీము అరబ్బీ రిజ్మా, అంటే కట్ట. ఒకప్పుడు 24 కాగితాల దస్తాలు 20 కలిపి 480 ఉండేవి, ఇప్పుడు 500. పాత లెక్క పట్టుకుని బేరమాడితే నష్టపోయేది మీరే.

పెన్సిళ్లకి గ్రోసు ధర చెబుతారు. ఫ్రెంచిలో గ్రోస్ డూజేన్, పెద్ద డజను: 12 డజన్లు, 144. బస్తా మీద రాసే గ్రాస్ వెయిట్‌కీ దీనికీ మూలం ఒకటే అయినా లెక్కలు వేరు, కలపకండి. గ్రోసు 720 అంటే డజను 60, పెన్సిలు 5 రూపాయలు. విడిగా 5కే ఇస్తున్నారంటే గ్రోసు కట్టించుకోవాల్సిన పనేం లేదు.