పాత జిప్సీలోకి వాననీరు కారకుండా చేసుకోవడం ఎలా?

వానాకాలంలో పాత హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు ఉన్న) మారుతి జిప్సీ నడిపేవారికి కాళ్ల దగ్గర మ్యాటు తడిసి ముద్దవడం కొత్తేమీ కాదు. అలా తడిసినప్పుడు చాలామంది కనబడిన సందునల్లా సిలికాన్‌తో పూడ్చేస్తారు. దానివల్ల కారడం ఆగకపోగా, లోపల చేరిన నీరు బయటికి పోయే దారి కూడా మూసుకుపోయి ఫ్లోరు తుప్పు పడుతుంది. నీరు కనబడే చోటు వేరు, దూరే చోటు వేరు. ముందుగా ఆ దూరే చోటును పట్టుకోవాలి.

ఈ పనికి రోహిణి కార్తె ఎండలు ఎంతో అనుకూలం. మృగశిర చినుకులు మొదలయ్యాక, తడి ఆరని రేకు మీద ఏ సీలెంటూ (సందులు పూడ్చే పదార్థం) సరిగా పట్టదు.

మొదట సీట్లు, మ్యాట్లు, వాటి కింది ప్యాడ్ తీసేయండి. నీరు తాగిన ప్యాడ్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల రోజుల తరబడి చెమ్మ పట్టి ఉంటుంది కనుక, దాన్ని విడిగా ఎండలో పడేయాలి. బండి లోపలంతా పొడిగుడ్డతో తుడిచాక, ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయటనుంచి మామూలు తోటపైపుతో నీళ్లు పట్టాలి. సర్వీసింగ్ షాపులో వాడే జోరు పైపు వద్దు. అది వాన ఎన్నడూ దూరని సందుల్లోకి కూడా నీటిని కొడుతుంది. కిందినుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట ఐదేసి నిమిషాలు ఆగుతూ పైకి వెళ్లాలి. పైనుంచి మొదలుపెడితే జారిన నీరు అన్ని చోట్లా తడిపేసి అసలు దారి తెలియకుండా చేస్తుంది.

నా బండిలో క్లచ్ పెడల్ మీద చుక్కలు పడుతుంటే డోరు బీడింగు, అంటే డోరు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, మార్పించాను. ఫలితం కనిపించలేదు. ఇలా పరీక్షించినప్పుడు తెలిసింది, ముందు అద్దం రబ్బరు కింది మూలలో గోరు దూరేంత సందు ఉందని. అక్కడ దూరిన నీరు డాష్‌బోర్డు వెనకనుంచి వైరింగు వెంట జారి పెడల్ దగ్గర రాలుతోంది.

పాత బండిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఈ అద్దం రబ్బరు మీదనే. రబ్బరు ఇంకా మెత్తగా ఉంటే, చదునైన ప్లాస్టిక్ ముక్కతో అంచును కొద్దిగా ఎత్తి, గట్టిపడని రకం బ్యూటైల్ సీలెంటు లోపలికి పోయించుకోవచ్చు. పగుళ్లు వచ్చి ఉంటే మార్చడమే మేలు. కొత్త రబ్బరును అద్దానికి తొడిగి, ఫ్రేము అంచు కూర్చునే రబ్బరు గాడిలో సన్నని నైలాన్ తాడు చుట్టూ పెట్టి, సబ్బునీళ్లు రాసి అద్దాన్ని ఫ్రేములో ఆనించాలి. బయటనుంచి ఒకరు అరచేత్తో అదుముతుండగా, లోపలివారు తాడును మెల్లగా లాగుతూ పోతే రబ్బరు అంచు ఫ్రేము మీదికి ఎక్కి కూర్చుంటుంది. అద్దం తీసినప్పుడు ఫ్రేముకు పట్టిన తుప్పును మాత్రం వదిలేయకండి. మెరిసే రేకు కనబడేదాకా గీకి, ప్రైమరు, పెయింటు వేయించాకే అద్దం ఎక్కించాలి.

టాపు అంచున ఉండే కాలువ అతుకుల్లో పాత సీలెంటు బీటలు వారితే, దాన్ని పూర్తిగా తీసి పాలీయురెథేన్ సీలెంటు వేయాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఇక్కడ పనికిరాదు. దానినుంచి వెలువడే ఆమ్లం రేకును తినేస్తుంది, పైన పెయింటు కూడా నిలవదు.

డోర్ల సంగతి కొంచెం వేరు. గ్లాసు పక్కనుంచి డోరులోకి నీరు దిగడం సహజమే. అది కింది రంధ్రాలగుండా బయటికి పోవాలి. మట్టితో పూడుకున్న ఆ రంధ్రాలను పుల్లతో శుభ్రం చేసి, డోర్‌ప్యాడ్ వెనక చిరిగిన ప్లాస్టిక్ షీటు ఉంటే మార్చండి. డోరు బీడింగు సరిగా అదుముతోందో లేదో తెలియాలంటే, కాగితపు ముక్క మీద డోరు వేసి లాగి చూడండి. సునాయాసంగా వచ్చేస్తే అక్కడ పట్టు లేనట్టే. కొన్నిసార్లు లాకు పట్టే కొక్కేన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి జరిపితే చాలు, కొత్త బీడింగు అవసరమే రాదు.

సీలెంటు వేశాక ఒక రోజంతా ఆరనిచ్చి, మళ్లీ పైపుతో పరీక్షించండి. ప్యాడ్, మ్యాట్లు మాత్రం అప్పుడే పరచకండి. మొదటి పెద్ద వానలో బండిని నడిపి, ఫ్లోరు మూలల్లో వేలుపెట్టి తడి లేదని చూసుకున్నాకే తిరిగి వేసుకోండి.