క్రికెట్ తెలియనివాళ్లు క్రికెట్ చూడడం ఎలా?

మా పుట్టింట్లో కబడ్డీ తప్ప వేరే ఆట ముచ్చటే లేదు. పెళ్లయి నల్లగొండ వచ్చాక చూస్తే, మ్యాచ్ ఉన్ననాడు కూర మాడినా అడిగేవాళ్లు లేరు. ఓసారి టీవీలో జనం అరుస్తుంటే నేనూ సంబరంగా చప్పట్లు కొట్టాను. అవుటైంది మనవాడట! అత్తగారింట్లో అందరూ నావైపే చూశారు. ఆ తర్వాత మెల్లగా నేర్చుకున్న వరస ఇది.

1. చిర్రగోనె గుర్తు చేసుకోండి

చిర్రగోనెలో (గిల్లీదండాలో) ఎగిరిన చిర్రను కింద పడకముందే పట్టుకుంటే ఆడేవాడు అవుట్ కదా? క్రికెట్‌లో క్యాచ్ అంటే అదే. ఇంకో నాలుగు ముక్కలు చాలు. ఓవర్‌కు 6 బంతులు. బంతి నేలను తాకుతూ బౌండరీ దాటితే 4, తాకకుండా దాటితే 6. ఇద్దరు బ్యాటర్లు అటువాళ్లిటు, ఇటువాళ్లటు ఉరికితే ఒక పరుగు. పది మంది అవుటైతే, అంటే పది వికెట్లు పడితే, ఆ జట్టు బ్యాటింగ్ వంతు (ఇన్నింగ్స్) ఖతం. ఎల్బీడబ్ల్యూ (వెనకున్న మూడు కర్రలకు తగలాల్సిన బంతి కాలికి అడ్డం తగిలితే ఇచ్చే అవుట్) జోలికి మాత్రం మొదటి నెల పోకండి. ఇరవై ఏళ్ల నుంచి చూస్తున్న మా ఆయనకే ఆ విషయంలో అంపైర్‌తో ఇప్పటికీ కుదరదు.

2. అడగడానికి ఒక్కరిని పెట్టుకోండి

పిల్లలైతే మేలు. పెద్దలు అడిగింది వదిలి తమ చిన్ననాటి మ్యాచ్‌లు మొదలుపెడతారు. ఓవర్ అయ్యాకే అడగాలి.

3. బ్యాట్‌ను కాదు, మైదానాన్ని చూడండి

నాకు ఆట రుచి తగిలింది ఇక్కడే. బౌలర్, కీపర్ పోను మిగిలిన తొమ్మిది మందితో అంత మైదానమూ కాయాలి. అంటే ఎక్కడో ఒకచోట ఖాళీ తప్పదు. టీ20లో (జట్టుకు 20 ఓవర్ల ఆటలో) మొదటి 6 ఓవర్లయితే మైదానంలో గీసిన లోపలి వలయం బయట ఇద్దరికంటే ఎక్కువ మంది ఉండకూడదు.

ఒక సాయంత్రం మా ఆడబిడ్డ కొడుకు టీవీ మీద వేలు పెట్టి చూపించాడు. "అత్తా, బౌండరీ కాడికి మనిషిని పంపిండు చూడు. ఇప్పుడు షార్ట్ బాల్ వేస్తడు." అన్నట్టే బంతి ఛాతీ ఎత్తుకు లేచింది. బ్యాటర్ ఆగలేక లాగి కొట్టాడు. నేరుగా ఆ మనిషి చేతుల్లోకే! మా ఊర్లో కోడిని పట్టేది ఇట్లనే. ఒక దిక్కు దారి వదిలినట్టే వదిలి, ఆ దారిలో ఒకరు గంప పట్టుకుని నిలబడతారు. ఒక్కోసారి ఫీల్డర్‌ను వెనక్కి పంపి షార్ట్ బాల్ వేస్తామని నమ్మించి, వెనకున్న కర్రలకు గురిపెట్టి యార్కర్ (బ్యాటర్ కాళ్ల దగ్గర పడే బంతి) వేస్తారు. పక్కా తొండి అనిపిస్తుంది గానీ, తొండి కాదు.

4. బంతి వయసు లెక్కపెట్టండి

కొత్త బంతి గాలిలో వంకర తిరుగుతుంది. పాతబడేకొద్దీ ఒకవైపే మెరుపు నిలపడానికి ప్యాంటుకు రుద్దుతారు. బట్టలు మాపుకోవడం ఎందుకని నేను విసుక్కున్నది దీనికే. టెస్టులో (ఐదు రోజుల ఆటలో) 80 ఓవర్లు అయ్యాక కొత్త బంతి తీసుకోవచ్చు. ఈలోగా పిచ్ (మధ్యలో బంతి వేసే నేల) ఎండిపోయి, ఎండాకాలంలో చెరువు అడుగులా పగుళ్లిస్తుంది. అప్పుడిక స్పిన్నర్లదే (బంతిని తిప్పి వేసేవాళ్లదే) రాజ్యం.

5. టెస్టును రోజుకు ఒక పూటే చూడండి

ఐదు రోజులా అని భయపడొద్దు. రోజూ లంచ్ విరామం నుంచి టీ విరామం దాకా చూసి లేవండి. 2024 జనవరిలో హైదరాబాద్ ఉప్పల్‌లో ఇంగ్లండ్‌తో జరిగిన టెస్టునే తీసుకోండి. ఇంగ్లండ్ స్పిన్నర్ టామ్ హార్ట్‌లీకి అదే తొలి టెస్టు. అతని మొదటి బంతినే మన బ్యాటర్ జైస్వాల్ సిక్సర్ కొట్టాడు. తొలి ఇన్నింగ్స్‌లో మనకు 190 పరుగుల ఆధిక్యం. తర్వాత ఇంగ్లండ్ బ్యాటర్ ఆలీ పోప్ 196 కొట్టాడు, చివర్లో అదే హార్ట్‌లీ 7 వికెట్లు తీశాడు, మనం 28 పరుగులతో ఓడాం. మొదటి రోజు చూసి టీవీ కట్టేసినవాళ్లు ఏం చూసినట్టు?

6. ఒకసారి మైదానానికి పోండి

ముందు ఊళ్లో ఆదివారం పొద్దున టెన్నిస్ బాల్ ఆట చూడండి. రీప్లే ఉండదు కాబట్టి కళ్లు వాటంతటవే పనిచేస్తాయి. తర్వాత ఉప్పల్. బస్సులో ఎల్బీనగర్ దాకా పోతే అక్కడి నుంచి దగ్గరే. టికెట్ దొరికితే పిచ్‌కు పక్కన కాకుండా ఎదురుగా, బౌలర్ వెనక స్టాండ్‌లో కూర్చోండి. పక్క నుంచి బంతి వేగమే తెలుస్తుంది, వంకర కనపడేది వెనక నుంచే.