కోడ్‌తో పుట్టించిన రాతి జాలీ: సమస్య - పరిష్కారం

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకలో జాలీ కోయించదలచినవారు బొమ్మను చేత్తో గీయకుండా, ఓపెన్‌స్కాడ్‌లో (కోడ్ రాసి త్రీడీ ఆకారాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) నియమాలు రాసి రంధ్రాలను పుట్టించవచ్చు. అలా పుట్టిన ఆకారంలో తప్పు కనిపించినప్పుడు మెష్‌ను (ఆకారపు ఉపరితలాన్ని చూపే త్రిభుజాల వలను) చేత్తో సరిదిద్దితే, కొలత మార్చి కోడ్‌ను మళ్లీ నడిపిన వెంటనే ఆ తప్పు తిరిగి వస్తుంది గనుక, సవరణ కోడ్‌లోనే జరగాలి.

సమస్య: రెండు రంధ్రాల మధ్య రాయి దారమంత సన్నగా మిగులుతోంది.

రంధ్రాల కేంద్రాలుగా చుక్కలను యాదృచ్ఛికంగా చల్లినప్పుడు అవి సమాన దూరాల్లో పడవు. కొన్నిచోట్ల గుంపు కడతాయి, కొన్నిచోట్ల ఖాళీ వదులుతాయి. రంధ్రం వ్యాసార్ధం 10 మి.మీ. అయి, కేంద్రాల మధ్య దూరం 21 మి.మీ. ఉంటే మిగిలేది 1 మి.మీ. రాయి మాత్రమే. గ్రానైట్‌కు సాగే గుణం లేదు కాబట్టి అది కోతలోనే విరుగుతుంది. ఎంత మందం నిలుస్తుందో రాయి కోసే మేస్త్రీని ముందుగా అడగండి. ఆయన 8 మి.మీ. అంటే, పాత చుక్కల్లో దేనికైనా 28 మి.మీ. కన్నా దగ్గరగా, లేదా పలక అంచుకు 18 మి.మీ. కన్నా దగ్గరగా పడిన కొత్త చుక్కను తిరస్కరించాలి. ఓపెన్‌స్కాడ్‌లో ఒకసారి ఇచ్చిన విలువ మారదు గనుక, మామూలు ఫర్ లూప్‌తో కాక, తనను తానే పిలుచుకునే ఫంక్షన్‌తో ఈ చుక్కల జాబితాను పెంచాలి. పలక నిండాక కొత్త చుక్కకు చోటు దొరకదు కాబట్టి ప్రయత్నాలకు ఒక హద్దు కూడా తప్పనిసరిగా పెట్టండి.

సమస్య: నడిపిన ప్రతిసారీ బొమ్మ మారిపోతోంది.

యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే ర్యాండ్స్ ఫంక్షన్‌కు నాలుగో విలువగా సీడ్ (ప్రతిసారీ అవే సంఖ్యలు వచ్చేలా చేసే ఆరంభ సంఖ్య) ఇవ్వకపోవడమే కారణం. ఏదైనా ఒక సంఖ్య ఇచ్చి, ఖాతాదారుకు నచ్చిన బొమ్మ సీడ్‌ను రాసి ఉంచుకోండి.

సమస్య: ప్రివ్యూ కోసం ఎఫ్5 నొక్కితే రంధ్రాల నోటి దగ్గర పలుచని పొర మిలమిలలాడుతోంది.

రంధ్రం కోసం పలకలోంచి తీసివేసే స్తంభం ఎత్తు పలక మందంతో సరిగ్గా సమానమై, రెండు తలాలు ఒకే చోట పడ్డాయి. స్తంభాన్ని పైకీ కిందికీ 1 మి.మీ. చొప్పున పొడిగిస్తే చాలు.

సమస్య: 10 మి.మీ. వ్యాసం గల రంధ్రంలో అంతే వ్యాసం గల రాడ్ దిగడం లేదు.

ఓపెన్‌స్కాడ్ గీసే వృత్తం నిజానికి వృత్తంలోపల ఇమిడే బహుభుజి. విలువలేవీ మార్చకపోతే ఈ రంధ్రానికి 16 భుజాలే వస్తాయి, ఎదురెదురు భుజాల మధ్య 9.81 మి.మీ. మాత్రమే ఉంటుంది. భుజాలను 64 చేస్తే అది 9.99 అవుతుంది, రాడ్ సులువుగా దిగడానికి కావలసిన వదులును వ్యాసానికి విడిగా కలపాలి.

సమస్య: కోత కేంద్రంలో ఫైలు తెరిస్తే పలక మరీ చిన్నదిగా లేదా మరీ పెద్దదిగా కనిపిస్తోంది.

మెష్‌ను భద్రపరిచే ఎస్‌టీఎల్ ఫైలులో సంఖ్యలుంటాయి గానీ కొలమానం ఉండదు. ఫైలు పేరులోనే మిల్లీమీటర్లు అని రాసి, పలక పొడవును విడిగా తెలియజేయండి.