బుడితి ఇత్తడిపై రక్షణ పొర నిలవనప్పుడు

శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి ఇత్తడి, కంచు పనికి పేరుపొందిన ఊరు. అక్కడి అలంకరణ వస్తువులు నల్లబడకుండా బెంజోట్రయజోల్ అనే రసాయనాన్ని పట్టించవచ్చు. దాని అణువులోని ఒక నైట్రోజన్ తన హైడ్రోజన్‌ను వదులుకొని లోహంలోని రాగి పరమాణువుతో బంధం ఏర్పరచుకోగా, అణువులోని మరో నైట్రోజన్ ఇంకో రాగి పరమాణువును పట్టుకుంటుంది. ఇలా అణువులు తమంతట తామే గొలుసులుగా అల్లుకొని, కంటికి కనిపించనంత పలుచని పొరగా మారతాయి. ఆ పొర విఫలమైతే చాలామంది ద్రావణాన్ని తప్పుపడతారు గాని, నా అభిప్రాయంలో ముందుగా అనుమానించవలసింది అంతకుముందు జరిగిన కడుగుడును.

వేలిముద్రల ఆకారంలో నల్లమరకలు తేలితే, ఆ చోట జిడ్డు అడ్డుపడి అణువులు రాగిని చేరలేదని అర్థం. మరకలు నగిషీ సందుల్లోనే కనిపిస్తే, తోమిన చింతపండు పులుపు అక్కడ మిగిలిపోయి ఉండవచ్చు. ఆమ్లం బలంగా ఉన్నచోట అణువు తన హైడ్రోజన్‌ను సులువుగా వదలదు కనుక గొలుసు సరిగా అల్లుకోదు. పాత పొరను పాలిష్‌తో తీసివేసి, సబ్బుతోనూ పలుచని వంటసోడా నీళ్లతోనూ కడిగి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో పలుమార్లు జాలించాలి. చివరి నీళ్లు బొట్లుగా విడిపోకుండా ఒకే పొరగా జారితేనే జిడ్డు పోయినట్టు. వస్తువు పూర్తిగా ఆరిన తరువాత, 100 మిల్లీలీటర్ల ఇథనాల్‌కు 3 గ్రాముల చొప్పున బెంజోట్రయజోల్ కలిపిన ద్రావణంలో ఒక పగలూ రాత్రీ ఉంచాలి. చేతి తొడుగులు తప్పనిసరి; ఇథనాల్ దగ్గర నిప్పు ఉండకూడదు. అన్నం తినే కంచాలకు, తీర్థపు పాత్రలకు ఈ పద్ధతి పనికిరాదు.

ఆరిన తరువాత తెల్లని పొడి కనిపిస్తే భయపడనక్కరలేదు. అది బంధం కలుపుకోని మిగులు రసాయనమే కనుక ఇథనాల్‌లో తడిపిన దూదితో తుడిస్తే పోతుంది.

తుడిచిన చోటనే మళ్లీ మళ్లీ లేత ఆకుపచ్చ చిలుము పొడిగా రాలడం అన్నిటికన్నా మొండి సమస్య. కళింగపట్నం, బారువ వంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలి వల్లనో, ఉప్పునీటి బోరుతో కడగడం వల్లనో లోహపు గుంటల్లో క్లోరైడు చేరుతుంది. అది రాగితో కలిసి ఏర్పడే పదార్థం తేమా ఆక్సిజనూ తగిలినప్పుడల్లా చిలుముగా మారుతూ లోహాన్ని లోలోపల తినేస్తుంది. దానిపైన ఎంత మంచి పొర వేసినా అడుగున పని ఆగదు. పొడిని సన్నని కర్రముక్కతో గీకి తీసి, డిస్టిల్డ్ వాటర్‌ను రోజూ మారుస్తూ కొన్ని వారాలు నానబెట్టి, బాగా ఆరబెట్టాకే ద్రావణంలో ముంచాలి. ఆపైన పారదర్శక లక్క పూత కూడా వేయడం మేలు.

పసుపు రంగు ఇత్తడిపై గులాబీ మచ్చలు తేలితే, ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచడం వల్ల జింకు కరిగిపోయి రాగి మిగిలిందన్నమాట. పోయిన జింకును ఏ ద్రావణమూ తిరిగి తేలేదు. మచ్చ పైపైన ఉంటే పాలిష్‌తో తొలగుతుంది, లోతుగా ఉంటే అలాగే వదిలేయడమే మంచిది.